వేలిముద్ర నుండి చదువు వరకు

బ్యాంకులోనో, రిజిస్ట్రారు కచేరిలోనో ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. నలువది యేండ్లు దాటిన ఒక స్త్రీ బల్ల ముందు నిలిచియుండును. గుమాస్తా ఒక కాగితమును ఆమె ముందుకు జరిపి, ఆమె బొటనవ్రేలిని సిరామెత్తపై అద్దించి, తాను చూపినచోట ఒత్తించును. ఆ కాగితములో ఏమి వ్రాసియున్నదో ఆమె యెరుగదు. అప్పు ఎంతయో, వడ్డీ ఎంతయో, పొలము తనఖా పడినదో, అమ్ముడుపోయినదో ఆ అక్షరములకే తెలియును. పని ముగిసిన పిమ్మట ఆమె వ్రేలిని చీరచెంగుతో తుడుచుకొని ఇంటిదారి పట్టును. సిరా మరక ఒకటి రెండు దినములలో పోవును. కాగితము వలన కలుగు ఫలితము మాత్రము ఏండ్ల తరబడి నిలుచును.

ఆమెను తెలివిలేనిదని తలచుట పొరపాటు. ఏ కార్తెలో ఏ విత్తనము చల్లవలెనో ఆమెకు తెలియును. సంతలో బేరమాడి, లెక్కను నోటనే కట్టి, పైసా తేడా రాకుండ చూచుకొనును. పాడిగేదె మేత మానినచో దాని రోగమేదో చూపుతోనే పసికట్టును. ఊడ్పుపాటలు, పెండ్లిపాటలు ఆమెకు కంఠస్థములు. ఆమెకు లేనిది అక్షరమొక్కటే. చిన్ననాడు తమ్ముని ఎత్తుకొనుటకో, మేకలను కాయుటకో ఆమె బడికి దూరమాయెను. అట్టివారికి పెద్దవయస్సున చదువు చెప్పుట దానము కాదు. బాల్యమున సంఘము వారికి బాకీపడిన దానిని ఆలస్యముగ చెల్లించుట మాత్రమే.

ఆ బాకీ మిక్కిలి పెద్దది. 1951 జనగణన నాటికి మన దేశమున నూటికి సుమారు 18 మందికి మాత్రమే చదువను వ్రాయను వచ్చియుండెను. 2011 నాటికి ఏడేండ్లు నిండినవారిలో నూటికి 73 మంది అక్షరాస్యులైరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1991లో నూటికి 44 మంది అక్షరాస్యులు కాగా, స్త్రీలలో ఆ సంఖ్య 33కు మించలేదు. 2001 నాటికి మొత్తము మీద 60 మంది, స్త్రీలలో 50 మంది అయిరి. పిల్లలకు బడులున్నవి. బడి యీడు దాటినవారికి వేరొక దారి కావలసివచ్చెను. ప్రభుత్వమొక్కటే ఆ దారిని వేయజాలదు. ఊరిలోని పౌరసంఘములు తోడు వచ్చినప్పుడే ఆ పని ముందుకు సాగెను.

పౌరసంఘమనగా నేమి? ఒక ఊరి ప్రజలు జీతము కోరక, లాభము ఆశింపక, పదిమంది మేలుకై కూడి యేర్పరచుకొన్న సమాజమునకు ఆ పేరు. గ్రంథాలయ సంఘము, మహిళా మండలి, యువజన సంఘము ఇట్టివే. పట్టణములలోని రోటరీ, లయన్స్ క్లబ్బులును ఇట్టివే. రోటరీ 1905లోను, లయన్స్ 1917లోను అమెరికాలోని చికాగో నగరమున పుట్టి, కాలక్రమమున మన దేశమునకు వచ్చినవి. వర్తకులు, వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు మొదలగువారు ఇందు సభ్యులు. రోటరీ వారు మౌలిక విద్యను, అక్షరాస్యతను తమ ముఖ్యకార్యములలో నొకటిగా ఎంచుకొని, సెప్టెంబరు మాసమును అందుకై ప్రత్యేకించిరి.

తెలుగునాట సంఘములు చదువునకు తోడుపడుట క్రొత్త విషయము కాదు. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914లో ఆ నగరముననే గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది పడెను. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమమునకు తన జీవితమును ధారపోసెను. గుంటూరు జిల్లా పెదపాలెమున పాతూరి నాగభూషణము ఆధ్వర్యమున 1935లో పుస్తకములు పడవనెక్కి కాలువ వెంట ఊరూరికి పోయినవి. పడవ రేవుకు వచ్చినప్పుడు జనులు వచ్చి పుస్తకములు తీసికొనుచుండిరి. కాని పుస్తకము ఊరికి వచ్చినంత మాత్రమున చాలదు; దానిని చదువగలవారును ఊరిలో నుండవలెను. అందుచేతనే గ్రంథాలయ సేవకులు వయోజన విద్యను తమ పనిలో భాగముగ భావించిరి.

స్త్రీలకై దుర్గాబాయి దేశ్‌ముఖ్ చేసిన కృషి ఇట్టిదే. ఆమె మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, బాల్యమున చదువు ఆగిపోయిన యువతులకు మెట్రిక్యులేషను పరీక్షకు శిక్షణ నిచ్చెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడినప్పుడు ఆమెయే దానికి తొలి అధ్యక్షురాలు. వయస్సు వచ్చిన స్త్రీలు కొలది కాలములోనే చదువు ముగించుకొనుటకు వీలగు సంక్షిప్త విద్యాప్రణాళికను ఆ మండలి 1958లో ప్రారంభించెను. దేశమందలి అనేక మహిళా సంఘములు ఆ తరగతులను నడపెను. ధనము ప్రభుత్వముది, గృహము, ఉపాధ్యాయినులు, నిత్యపర్యవేక్షణము సంఘములవి. చేయి కలుపుట యనగా నిదియే.

1988 మే నెలలో జాతీయ అక్షరాస్యతా మిషను ఆరంభమాయెను. దాని తొలి ఘనవిజయము కేరళలోని ఎర్నాకుళము జిల్లాలో లభించెను. అచట జిల్లా పాలనాయంత్రాంగము, 1962లో స్థాపింపబడిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అను స్వచ్ఛంద సంస్థ ఒక్కటై 1989 జనవరిలో పని మొదలుపెట్టెను. సుమారు 20 వేల మంది స్వచ్ఛంద సేవకులు జీతము లేకుండ పాఠములు చెప్పిరి. 1990 ఫిబ్రవరి 4వ తేదీన ఆ జిల్లా దేశములో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి జిల్లాగ ప్రకటింపబడెను. ఆ యేడే పరిషత్తునకు యునెస్కో వారి కింగ్ సెజాంగ్ పురస్కారము లభించెను. పిమ్మట ఈ పద్ధతి ఇతర రాష్ట్రములకు వ్యాపించెను. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సాక్షరతా సమితులు ఏర్పడెను. పాటలతోను, వీధినాటకములతోను కళాజాతాలు పల్లెలకు తరలి, జనులను చదువునకు పిలిచెను.

ఇట్టి పనిలో ఎవరి భాగము వారికి ముందే నిర్ణయమై యుండవలెను. మొదటి పని ఇంటింటి లెక్క. ఏ వీధిలో ఎందరికి చదువు రాదో, వారికి తీరిక ఎప్పుడో తెలిసికొనవలెను. యువజన సంఘము వారును, పై తరగతుల విద్యార్థులును దీనిని చక్కగ చేయగలరు. రెండవది చోటు, వేళ. పగలెల్ల పొలములో నడుము వంచి పనిచేసినవారు బడివేళకు రాజాలరు. మగవారికి రాత్రి భోజనమైన పిమ్మట, ఆడవారికి మధ్యాహ్నపు తీరికలో తరగతి పెట్టిననే సాగును. నాట్లు, కోతల దినములలో సెలవీయవలెను. ఈ సంగతి పట్టణపు క్లబ్బుకు తెలియదు; ఊరి మహిళా మండలికి తెలియును. దీపము, పలకలు, పుస్తకములు సమకూర్చుట మండలికి భారము, క్లబ్బుకు సులభము. వాచకమును తయారుచేయుట, బోధకులకు శిక్షణ నిచ్చుట ప్రభుత్వ విద్యాశాఖ వంతు. ఒకరి కొరతను మరియొకరు తీర్చుటయే ఈ కూటమి రహస్యము.

బయటికి కానరాని ఒక అడ్డంకి ఈ తరగతులలో తరచుగా ఎదురగును. నలువది దాటిన విద్యార్థి పలకను దగ్గరగా పట్టుకొనును, దూరముగా పట్టుకొనును, కన్నులు నులుముకొనును. తుదకు “ఈ వయస్సులో నాకు చదువు రాదు” అని లేచిపోవును. బోధకుడు అతని బుద్ధి మందమని తలచును. నిజమునకు లోపము బుద్ధిలో లేదు, కంటిలో నున్నది. నలువది యేండ్ల ప్రాంతమున దగ్గరి వస్తువులు మసకగ కనబడుటకు చత్వారమని పేరు. పొలములో కలుపు తీయువానికి ఆ లోపము తెలియదు; అక్షరము ముందుకు వచ్చినప్పుడే అది బయటపడును. ఒక చిన్న కళ్ళజోడు అతనిని మరల పలక ముందు కూర్చుండబెట్టును. ఇట్టిచోట లయన్స్ క్లబ్బుల సహాయము మిక్కిలి విలువైనది. 1925లో అంధురాలైన హెలెన్ కెల్లరు లయన్స్ మహాసభలో చేసిన విజ్ఞప్తి ఫలితముగ నేత్రసేవ వారి ప్రధాన కార్యమాయెను. తరగతి ప్రారంభమునకు ముందు ఒక నేత్రపరీక్షా శిబిరము జరిపినచో, నెలల తరబడి చేయు బోధన వృథా కాదు.

పెద్దలకు చెప్పు పాఠము పిల్లలకు చెప్పు పాఠము వంటిది కాదు. అకారము మొదలు అక్షరమాల యంతయు వల్లెవేయించినచో వారు మూడవ దినమున తరగతి మానుదురు. కావున వారికి నిత్యము పరిచయమైన ఒక మాటతో పాఠము మొదలగును. ‘వల’ యను మాట తీసికొన్నచో వకారము, లకారము తెలియును. ఆ రెంటితోనే ‘లవ’ యని కూర్పవచ్చును. మరియొక అక్షరము చేరినకొలది క్రొత్త మాటలు పుట్టును. మొదటి దినముననే ఒక మాట చదివితినన్న సంతోషముతో వారు ఇంటికి పోదురు. జాతీయ మిషను వారి వాచకములు మూడు భాగములు. వానిని ముగించుటకు సుమారు 200 గంటల కాలము. ఒక బోధకునకు పదిమంది విద్యార్థులు చాలుదురు. బోధకుడు చిన్నవాడైనను, విద్యార్థిని అతని తల్లి యీడుది కావచ్చును. “అమ్మా”, “పెద్దయ్యా” అని పిలిచి చెప్పవలెనే కాని గద్దింపరాదు. పెద్దవయస్సున పలక పట్టుటకు ఎంతయో ధైర్యము కావలెను. ఒక్క పరిహాసము ఆ ధైర్యమును చెరుపగలదు.

ఇక ఈ పనిలోని ప్రమాదమును గూర్చి తెలిసికొనవలసియున్నది. వేలిముద్ర వేయునామె తన పేరు వ్రాయ నేర్చినదినము పండుగవలె నుండును. వేదిక వేయుదురు, దండలు వేయుదురు, ఛాయాచిత్రములు తీయుదురు. క్లబ్బు నివేదికలో ఇందరికి చదువు వచ్చెనని సంఖ్య వ్రాయుదురు. కాని చేవ్రాలు చదువు కాదు. తన పేరులోని నాలుగు అక్షరముల ఆకారమును చూచి గీయ నేర్చిన మనిషి, ఆ పేరుకు పైన వ్రాసియున్న షరతులను చదువలేడు. వెనుక తెలియక వేలిముద్ర వేసెను. ఇప్పుడు తెలియక సంతకము చేయును. చట్టము దృష్టిలో సంతకము చేసినవాడు చదివి చేసినవాడే. కావున సగములో ఆగిన చదువు ఒక్కొక్కప్పుడు అసలు చదువు లేకపోవుట కంటె అపాయకరము. జాతీయ మిషను వారు అక్షరాస్యతకు చెప్పిన అర్థములో చదువుట, వ్రాయుట, లెక్కించుట మాత్రమే కాక, తన దుస్థితికి కారణములను తెలిసికొని, పదుగురితో కూడి దానిని బాగుచేసికొన పూనుకొనుటయు చేరియున్నది.

ఈ అర్థమునకు నెల్లూరు జిల్లా ఒక గొప్ప నిదర్శనము. 1990వ దశకపు తొలియేండ్లలో అచట ‘అక్షర దీపము’ అను పేర అక్షరాస్యతా ఉద్యమము సాగెను. జిల్లా అధికారులు, జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు, వేలకొలది యువతీయువకులు అందులో పాల్గొనిరి. వాచకములలో పల్లె బ్రతుకునకు సంబంధించిన పాఠము లుండెను. సారా వలన సంసారము చితికిపోయిన ఒక స్త్రీ కథయు, ఆడవారు ఏకమైనచో ఏమి చేయగలరో చెప్పు పాఠమును అందులోనివే. చదువుచున్న స్త్రీలకు అది పుస్తకములోని కథగ తోచలేదు. తమ యింటి కథగ తోచెను. భర్త కూలిడబ్బు సాయంకాలమునకే సారా అంగడి పాలగుట వారు ప్రతిదినము చూచుచున్నదే. అంతకుముందు ఎవరి దుఃఖము వారి గుమ్మము లోపలనే యుండెను. తరగతిలో పదిమంది కూర్చున్న పిమ్మట అది అందరి దుఃఖమాయెను.

దూబగుంట గ్రామ స్త్రీలు తమ ఊరికి సారా రానీయక నిలిచిరి. దూబగుంట రోశమ్మ పేరు ఈ పోరాటముతో చరిత్రకెక్కెను. ఒక ఊరి మాట మరియొక ఊరికి ప్రాకెను. 1992లో స్త్రీలు గుంపులుగ పోయి సారా వేలముపాటలను అడ్డగించిరి. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. పిమ్మటి మార్పు లెట్లున్నను, పలక పట్టిన పల్లె స్త్రీలు ఒక రాష్ట్రపు చట్టమును కదలించిరనుట సత్యము. ఆ స్త్రీలు చేవ్రాలుతో ఆగియుండినచో ఈ కథ జరిగెడిది కాదు.

అయినను వచ్చిన చదువు నిలుచుట వేరొక సమస్య. వాడని కొడవలి త్రుప్పు పట్టినట్లు, చదువనివాని అక్షరములు మరపునకు వచ్చును. మూడు వాచకములు ముగించి, ఇంటిలో ఒక్క కాగితమైనను లేనివారు రెండు మూడేండ్లలో మరల నిరక్షరాస్యులగుదురు. అందుచేత ప్రభుత్వము వారు నిరంతర విద్యాకేంద్రములను నెలకొల్పిరి. 2009 సెప్టెంబరు 8న, అనగా అంతర్జాతీయ అక్షరాస్యతా దినమున, సాక్షర భారత్ పథకము మొదలై 2018లో ముగిసెను. పథకము ముగిసినప్పుడు జీతము ఆగును, దీపము ఆరును. పథకమునకు గడువు కలదు. ఊరికి గడువు లేదు. ఊరిలోనే యుండు సంఘము ఒక గదిని తెరచియుంచి, దినపత్రికయు, పెద్ద అక్షరముల పుస్తకములును అందుబాటులో నుంచినచో నేర్చిన చదువు నిలుచును. ప్రారంభోత్సవమునకు వచ్చినవారికంటె, నూరవ దినమున వచ్చి దీపమునకు వత్తి వేసినవారే ఆ కేంద్రమునకు నిజమైన ఆప్తులు.

నేటి కాలమున చదువు అవసరము తగ్గలేదు, పెరిగినది. కూలిడబ్బు బ్యాంకులో పడుచున్నది; పడినట్లు చేతిఫోనుకు సందేశము వచ్చుచున్నది. సందేశమును చదువలేనివారు ఫోనును పరుల చేతికీయవలసి వచ్చును. అందులో వచ్చు రహస్యసంఖ్యను ఎవరికైనను చెప్పినచో ఖాతాలోని సొమ్ము మాయమగును. వెనుకటి వడ్డీవ్యాపారి ఎదుట నిలిచి మోసగించెను. ఇప్పటి మోసగాడు కంటికి కనబడడు. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమము పదునైదేండ్లు పైబడినవారికి అక్షరములతోపాటు లెక్కలను, డబ్బు వ్యవహారమును, ఫోను వాడుకను నేర్పుటకై ఉద్దేశింపబడినది. అది స్వచ్ఛంద సేవకులపైననే ఆధారపడి యున్నది. విద్యార్థులును అందులో బోధకులు కావచ్చును.

ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థికి ఈ పనిలో పాలుపంచుకొను శక్తి కలదు. ఇంటిలో అవ్వయో, తాతయో, వీధిలో పాలు పోయు ముసలామెయో, బడిలో వంటచేయు అమ్మయో చదువురానివారై యుండవచ్చును. దినమునకు ఒక అరగంట చాలును. బస్సుపై ఊరి పేరు, మందుసీసాపై గడువు తేదీ, రేషను చీటీలోని పేర్లు మొదటి పాఠములు కావచ్చును. వీధిలో నలుగురు నేర్వ గోరువారు దొరికినచో ఉపాధ్యాయుని ద్వారా గ్రంథాలయమునకో, మహిళా సంఘమునకో, పట్టణములోని క్లబ్బుకో ఆ సంగతి తెలుపవచ్చును. సహాయము చేయ గోరువారు అనేకులున్నారు. ఎవరికి ఏమి కావలెనో వారికి తెలియజెప్పువారే కరవు.

ఇప్పుడు అనేకచోట్ల వేలిముద్రను యంత్రము తీసికొనుచున్నది. అందులో పండితుడు, పామరుడు అను భేదము లేదు. మనిషిని గుర్తించుటకే ఆ ముద్ర. అది అవమానము కాదు. తన ముందున్న కాగితములో ఏమి వ్రాసిరో తెలియక ముద్ర వేయుటయే అవమానము. మొదట చెప్పిన ఆ స్త్రీ, గుమాస్తా కాగితమును జరిపినప్పుడు, “కొంచెము ఉండుడయ్యా, చదువుకొననీయుడు” అని కళ్ళజోడు తీసి పెట్టుకొన్ననాడు ఆ బాకీ తీరినట్లు.